అచ్చు తప్పిందా, అరిగిందా? చిల్లరలో దొరికిన నాణేన్ని పరీక్షించడం ఎలా

"ఈ రెండు రూపాయల బిళ్ళ మీ ఇంట్లో ఉంటే లక్షాధికారి మీరే" అంటూ వీడియోలు వచ్చిన దగ్గర్నుంచి సొట్టపడ్డ ప్రతి నాణెమూ ఎర్రర్ కాయిన్ (టంకశాలలోనే తప్పుగా తయారైన నాణెం) అయి కూర్చుంది. గీత పడితే ఎర్రర్, అంకె అరిగితే ఎర్రర్, నల్లబడితే ఎర్రర్. చిల్లరలో వింతగా కనిపించేవాటిలో దాదాపు అన్నీ బయటికొచ్చాక దెబ్బతిన్నవే. టంకశాలలో పుట్టిన తప్పుకే సేకర్తలు ఎక్కువ డబ్బు ఇస్తారు. తర్వాత తగిలిన దెబ్బకు ముఖవిలువే, అదీ షాపువాడు తీసుకుంటే.

ఈ రెండిటినీ విడదీయాలంటే నాణెం ఎలా తయారవుతుందో కొంచెం తెలియాలి. లోహపు రేకులోంచి పంచ్‌తో గుండ్రటి బ్లాంకులు, అంటే ఇంకా అచ్చు పడని బిళ్ళలు, కొడతారు. వాటి అంచును యంత్రంలో దొర్లించి కాస్త పైకి లేపుతారు. కొలిమిలో కాల్చి మెత్తబరిచి, కడిగి, మెరుగుపెట్టి ప్రెస్సుకు పంపుతారు. ప్రెస్సులో కింద ఒక డై (బొమ్మ చెక్కిన ఉక్కు అచ్చు), పైన ఒక డై, చుట్టూ కాలర్ అనే ఉక్కు చట్రం. ఒక్క దెబ్బకు బొమ్మ, బొరుసు, అంచు మూడూ ఒకేసారి ఏర్పడతాయి. మొత్తం పరీక్షంతా ఈ ఒక్క సంగతి మీదే నడుస్తుంది. ప్రెస్సులో జరిగిన తప్పయితే రెండు ముఖాలు, అంచు, బరువు నాలుగూ ఒకే కథ చెప్పాలి. ఏ ఒక్కటి అడ్డం తిరిగినా ఆ దెబ్బ బయట తగిలిందే.

కావలసిన సామాను పెద్దదేమీ కాదు. పది రెట్లు పెద్దది చేసి చూపే లూప్, 0.01 గ్రాము దాకా చూపే చిన్న త్రాసు, డిజిటల్ వెర్నియర్ కాలిపర్, ఒక అయస్కాంతం, పక్కనుంచి వెలుతురు వేయడానికి ఎల్ఈడీ టార్చి. వీటన్నిటికంటే ముఖ్యం, అదే రకం, అదే టంకశాల నాణెం ఇంకోటి, మంచి స్థితిలో ఉన్నది. పోల్చి చూడ్డానికి అది లేకుండా తీర్పు చెప్పొద్దు. సెల్‌ఫోన్ ఫొటోను పెద్దది చేసి చూస్తే చాలదు. పైనుంచి పడే వెలుతురులో లేచిన గీతా దిగిన గీతా ఒకేలా కనిపిస్తాయి. టార్చిని బల్లకు దాదాపు ఆనించి, పక్కవాటుగా వేసి, నాణేన్ని మెల్లగా తిప్పండి. నీడ ఏ వైపు పడుతోందో చూస్తే గీత ఎత్తుగా ఉందో లోతుగా ఉందో తేలిపోతుంది.

మొదట తేల్చుకోవలసింది కూడా అదే. డై పగిలితే పగులులోకి లోహం దూరుతుంది కాబట్టి నాణెం మీద గీత పైకి లేచి ఉంటుంది. డై అంచు ఏకంగా ఊడిపోతే అక్కడ అక్షరాలు లేకుండా నున్నటి ముద్ద లేస్తుంది, దీన్ని కడ్ అంటారు. నిజమైన కడ్ అయితే నాణేన్ని తిప్పి సరిగ్గా దాని వెనక చోటు చూడండి. అక్కడి అచ్చు బలహీనంగా ఉండాలి, ఎందుకంటే ఇటువైపు ఖాళీలోకి లోహం జరిగిపోయింది. అదే బయట పడ్డ గీతయితే లోపలికి దిగి ఉంటుంది, పైగా దాని రెండు గట్ల మీదా తవ్విపోసిన లోహం సన్నగా పొంగి ఉంటుంది. గోరు ఆనిస్తే గరుకు తగులుతుంది. లోపలికి దిగిన గీతలన్నీ బయటివేనని కాదు, డై మీద ఏదైనా నలుసో దారప్పోగో పడినా నాణెం మీద లోతు ముద్ర వస్తుంది. అయితే దాని అడుగు నున్నగా ఉంటుంది, గట్లు పొంగవు.

అరుగుదలది వేరే దారి. అది ఎప్పుడూ ఎత్తయిన చోట్ల మొదలవుతుంది. సింహాల బొమ్మలో మధ్య సింహం ముఖం, జూలు, 1992 నుంచి వచ్చిన స్టీలు రూపాయి మీద ధాన్యపు కంకులు, తర్వాత గట్టు, అంటే అంచు చుట్టూ పైకి లేచిన వరస. లోతట్టు చోట్ల, అక్షరాల మొదళ్ళలో అచ్చు చివరిదాకా మిగులుతుంది. కాబట్టి సింహం ముఖం పదునుగా ఉండి, పక్కన సంవత్సరంలో ఒక అంకె మాత్రం మాయమైతే అది అరుగుదల కాదు. డైలో ఆ అంకె గుంటలో గ్రీజు, లోహపు పొడి కలిసి పేరుకుని ఉండొచ్చు. అలాంటి అంకె స్థానంలో ఉపరితలం నున్నగా, చుట్టూ ఉన్న మెరుపుతో కలిసిపోయి ఉంటుంది. లూప్‌లో చూస్తే అంకె ఛాయ అక్కడక్కడా మసకగా తేలుతుంది. ఆకురాయితో గీకేసిన అంకె దగ్గరయితే ఒకే దిక్కుకు పరుగెత్తే సన్నటి గీతలుంటాయి, ఆ చోటు కాస్త పల్లంగా ఉంటుంది. గ్రీజు నిండిన డై నాణెం నిజమైన తప్పే, కాకపోతే చాలా మామూలు తప్పు. ఒక అక్షరం మసకబారినందుకు వేలు అడిగేవాళ్ళ దగ్గర ఆగాల్సిన పని లేదు.

ఇక్కడే మింట్ మార్కు, అంటే నాణెం ఏ టంకశాలదో చెప్పే గుర్తు, గొడవ ఒకటి చెప్పాలి. సంవత్సరం కింద వజ్రం గుర్తుంటే ముంబై, అయిదు కోణాల నక్షత్రం ఉంటే హైదరాబాద్, చుక్క ఉంటే నోయిడా. కోల్‌కతా నాణేలకు ఏ గుర్తూ ఉండదు. అసలు గుర్తు లేకపోవడమే వాటి గుర్తు. అలాంటివాటిని 'మింట్ మార్క్ మిస్సింగ్ ఎర్రర్' అని అమ్ముతున్నారు, కొంటున్నారు కూడా. మన హైదరాబాద్ చర్లపల్లి టంకశాలలో తయారైన నాణేల మీద నక్షత్రం కోణాలు పూడుకుపోయి చుక్కలా కనపడటం మరో తికమక. దాన్ని నోయిడా అని రాసుకునే ముందు లూప్‌లో చూడండి, చుట్టూ కోణాల మొదళ్ళు కనపడతాయి.

తెగిన అంచున్న నాణెం దగ్గర నిదానంగా ఆగాలి, ఎందుకంటే ఇది నిజంగా దొరికే తప్పు, తేలిగ్గా నకిలీ చేసే తప్పు కూడా. రేకు సరిగా ముందుకు జరగకపోతే పంచ్ అంతకుముందు కొట్టిన రంధ్రం మీద కొంత పడుతుంది. అప్పుడు బ్లాంకు ఒక పక్క వంపుగా తెగి పుడుతుంది. ఇలాంటి నాణేన్ని నాలుగు చోట్ల చూడాలి. ఒకటి, ఆ వంపు. అదే రకం నాణేన్ని తెగిన చోట ఆనించి చూస్తే వంపు దాదాపు కుదరాలి. రెండు, తెగిన చోటు పక్కన ఉన్న అక్షరాలు. అచ్చు పడేటప్పుడు అక్కడ ఆపేవాళ్ళు లేక లోహం ఖాళీ వైపు జారుతుంది, అందుకని అక్షరాలు అటు సాగి, మొదళ్ళు వెడల్పై ఉంటాయి. కత్తిరించిన నాణెంలో అక్షరం ఉన్నపళంగా తెగిపోతుంది, సాగదు. మూడు, తెగిన చోటుకు సరిగ్గా ఎదుటి గట్టు. అంచును దొర్లించి లేపే యంత్రంలో ఒక పక్క లోహం లేకపోతే ఎదుటి పక్కా ఒత్తిడి పడదు, కాబట్టి ఆ ఎదుటి గట్టు పలచగా, ఒక్కోసారి పూర్తిగా లేకుండా ఉంటుంది. సేకర్తలు దీన్ని బ్లేక్స్‌లీ ఎఫెక్ట్ అంటారు. కటింగ్ ప్లయరుతో తెగ్గొట్టినవాడికి ఎదుటి గట్టు సంగతి గుర్తుకే రాదు. ప్రతి నిజమైన నాణెంలోనూ ఇది కొట్టొచ్చినట్టు కనపడకపోవచ్చు, కానీ కనపడితే మాత్రం గట్టి సాక్ష్యం. నాలుగోది తెగిన అంచు ముఖం. పుట్టుకతో తెగినదైతే ఆ ముఖం మిగతా అంచులాగే పాతబడి ఉంటుంది. రంపం గీతలు, తాజా మెరుపు, పదునైన కొన ఉంటే అది ఎవరి చేతిపనో ఊహించుకోవచ్చు.

అచ్చు పక్కకు జరిగిన నాణేలకు కొలత ఇంకా సులువు. బ్లాంకు రెండు డైల మధ్య సరిగా కూర్చోకపోతే రెండు ముఖాల మీదా ఒకే చోట చంద్రవంక లాంటి ఖాళీ రావాలి. నాణేన్ని పుస్తకం పేజీలా తిప్పండి. బొమ్మ వైపు ఖాళీ కుడి పక్కనుంటే బొరుసు వైపు ఎడమ పక్కన రావాలి, పైనుంటే పైనే రావాలి. ఒక ముఖం మీదే జరిగి, నాణెం పూర్తి గుండ్రంగా, మామూలు అంచుతో ఉంటే ఒక డై మాత్రమే పక్కకు కూర్చుందని అర్థం. అదీ టంకశాల తప్పే, కాకపోతే విలువ చాలా తక్కువ. గట్టు ఒక పక్క వెడల్పుగా, మరో పక్క సన్నగా ఉన్న నాణేలన్నీ ఈ కోవలోకే వస్తాయి.

కాలర్ లేకుండా అచ్చు పడితే నాణెం వెడల్పవుతుంది, బరువు మారదు. మామూలు స్టీలు రూపాయి అంచు కాలర్ గోడకు ఒత్తుకుని నిటారుగా ఉంటుంది. కాలర్ లేనిది కొంచెం ఉబ్బి గుండ్రంగా ఉంటుంది, అక్షరాలు అంచు వైపు సాగుతాయి గానీ చదునుగా నలగవు. రైలు పట్టా మీద పెట్టిన నాణెం కూడా వెడల్పవుతుంది. మన ఊళ్ళలో పిల్లలు తరతరాలుగా చేసే పని ఇది. కానీ దాంట్లో ఎత్తులన్నీ అణిగి, ఉపరితలం అద్దంలా తేలి, ఒకే దిక్కుకు సాగి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. సుత్తితో అంచు చుట్టూ కొట్టినదైతే ఫలితం తిరగబడుతుంది: వ్యాసం తగ్గి, గట్టు మందమై లోపలికి మడుచుకుని అక్షరాల మీదకు వస్తుంది. యంత్రాల సందుల్లో ఇరుక్కుని ఎంతోకాలం దొర్లిన నాణేలకూ ఇదే రూపం వస్తుంది.

బరువు, వ్యాసం దగ్గర పెట్టుకోవలసిన అంకెలు ఇవి. 1992 నుంచి వచ్చిన స్టీలు రూపాయి 4.85 గ్రాములు, 25 మి.మీ.; 2011లో మొదలైన చిన్న రూపాయి 3.79 గ్రాములు, సుమారు 22 మి.మీ. దేశపటం ఉన్న పదకొండు పలకల రెండు రూపాయలు 6 గ్రాములు, 26 మి.మీ. పాత కుప్రోనికెల్ అయిదు రూపాయలు 9 గ్రాములు, 2009లో మొదలైన ఇత్తడి రంగు అయిదు రూపాయలు 6 గ్రాములు, రెండూ 23 మి.మీ. రెండు లోహాల పది రూపాయలు 7.71 గ్రాములు, 27 మి.మీ. బరువులో టంకశాలకే కొద్దిపాటి తేడా అనుమతిస్తారు, పైగా చలామణిలో కొంత తరుగుతుంది. కాబట్టి నాలుగైదు సెంటీగ్రాములు తగ్గిందని పండగ చేసుకోవద్దు.

ఒక విలువ అచ్చు మరో విలువ బ్లాంకు మీద పడటం పెద్ద తప్పు, మంచి ధర పలికే తప్పు. అక్కడ త్రాసు, అయస్కాంతమే న్యాయమూర్తులు. స్టీలులో ఇనుము 83 శాతం, క్రోమియం 17 శాతం, కాబట్టి అయస్కాంతానికి అతుక్కుంటుంది. రాగి 75, నికెల్ 25 పాళ్ళున్న కుప్రోనికెల్ అతుక్కోదు. కానీ ఒక మెలిక ఉంది: 2011లో మొదలైన రెండు రూపాయలు కూడా 25 మి.మీ., 4.85 గ్రాముల స్టీలే. పాత స్టీలు రూపాయికీ దానికీ బ్లాంకులో తేడా లేదు. అందుకని "పాత రూపాయి బ్లాంకు మీద 2011 రకం రెండు రూపాయలు" అని ఎవరైనా అమ్మితే నవ్వి ఊరుకోండి. అయిదు రూపాయల స్మారక నాణేల్లో కొన్ని కుప్రోనికెల్‌లోనూ స్టీలులోనూ అధికారికంగానే వచ్చాయి. అవి లోహం తప్పు కాదు, కేటలాగులో ఉన్న రెండు రకాలు.

అక్షరాలు రెండేసిగా కనపడే నాణేల మీద జరిగినంత మోసం మరెక్కడా లేదు. నిజమైన డబుల్డ్ డైలో తప్పు డై తయారీలోనే ఉంటుంది. డైలో అచ్చు రెండుసార్లు కొంచెం తేడాగా దిగుతుంది, అందువల్ల రెండు అక్షరాలూ సమానంగా ఎత్తుగా, గుండ్రంగా ఉంటాయి. అక్షరం మూలల్లో రెండుగా చీలిన గాడి కనపడుతుంది. అక్షరం మామూలు కంటే లావుగా ఉంటుంది. మెషీన్ డబ్లింగ్ అనేది వేరు. అచ్చు పడ్డాక వదులుగా ఉన్న డై కాస్త జారి, లేచిన అక్షరం పక్కను ఒరుసుకుపోతుంది. అక్కడ అక్షరం పక్కన చదునుగా, పలచగా, మెరుస్తూ మెట్టులాంటిది ఏర్పడుతుంది. అసలు అక్షరం ఆ మేరకు సన్నబడుతుంది. లావెక్కిందా, చిక్కిందా అన్నది మంచి నాణెం పక్కన పెట్టి చూసుకోండి. స్టీలు నాణేల మీద కనపడే 'డబుల్' దాదాపుగా ఈ రెండో రకమే, దానికి అదనపు ధర లేదు.

బ్రాకేజ్‌ది ఇంకో తీరు. ముందు కొట్టిన నాణెం డైకి అతుక్కుని, తర్వాతి బ్లాంకు మీద తానే డైలా పనిచేస్తుంది. దాంతో ఒక ముఖం మామూలుగా, రెండో ముఖం మీద అదే బొమ్మ అద్దంలోలా తిరగబడి, లోపలికి దిగి వస్తుంది. దిగిన బొమ్మ కింద వేరే డిజైను ఆనవాళ్ళేవీ ఉండకూడదు. రెండు నాణేలను బెంచి వైస్‌లో పెట్టి బిగించినా తిరగబడ్డ బొమ్మ వస్తుంది. అయితే దాని కింద అసలు అక్షరాలు నలిగి ఇంకా కనపడుతుంటాయి, రెండో ముఖం వైస్ దవడకు చదునైపోయి ఉంటుంది. ఈ రెండు గుర్తులూ తెలిస్తే సంతల్లో అమ్మే 'బ్రాకేజ్'లు చాలావరకు అక్కడే తేలిపోతాయి.

రొటేషన్ తప్పును ఇంట్లో పిల్లలతో కూడా వెతికించవచ్చు. మన రిపబ్లిక్ నాణేల్ని పక్కలు పట్టుకుని పేజీలా తిప్పితే వెనక బొమ్మ నిటారుగా ఉండాలి. తలకిందులై ఉంటే 180 డిగ్రీలు, అడ్డంగా ఉంటే 90. డైని బిగించేటప్పుడు వచ్చే తేడా ఇది. పది పదిహేను డిగ్రీల వంకరను ఎవరూ పట్టించుకోరు. దీంట్లో ఉన్న సుఖం ఏమిటంటే బయట దీన్ని నకిలీ చేయడం కష్టం, రెండు నాణేల్ని సగం సగం కోసి అతికించాలి. అలా చేసినా అంచు చుట్టూ సన్నటి అతుకు గీత కనపడుతుంది, బల్ల మీద వేస్తే మోత మొద్దుగా వస్తుంది.

పది రూపాయల నాణెం మీద పుకార్లకు అంతులేదు. పది గీతలదా, పదిహేను గీతలదా, రూపాయి గుర్తుందా లేదా అని మన రెండు రాష్ట్రాల్లో చాలామంది దుకాణదారులు తీసుకోవడమే మానేశారు. అప్పటికి వచ్చిన 14 డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించింది. డిజైను తేడా ఎర్రర్ కాదు, నకిలీ అనడానికి ఆధారమూ కాదు. మధ్య బిళ్ళ ఊడిన నాణేలు మాత్రం తరచూ అమ్మకానికి వస్తాయి. ఉంగరంలా మిగిలిన పై భాగంలో డిజైను మధ్య రంధ్రం దగ్గర గీసినట్టు ఆగిపోయి, లోపలి గోడ మీద పట్టు గాడి కనపడితే మధ్య బిళ్ళతో కలిపి అచ్చు వేశాక ఊడగొట్టిందన్నమాట. అసలు మధ్య బిళ్ళే లేకుండా అచ్చు పడి ఉంటే లోహం రంధ్రంలోకి పొంగి, లోపలి గోడ ఉబ్బి, గీతలు లోపలికి సాగి ఉంటాయి.

ఇక మన దగ్గర నాణేలకు తగిలే ప్రత్యేకమైన దెబ్బలు కొన్ని. హుండీలో, హారతి పళ్ళెంలో తిరిగిన నాణేలకు కుంకుమ, నూనె, మసి పట్టి గుంటలు పూడుకుపోతాయి. అక్షరం లేదనిపిస్తుంది, నిజానికి కింద ఉంటుంది. వెండి రూపాయలకు దండలో కట్టుకునే కొక్కెం అతికించి తీసేసిన చోట, సాధారణంగా తల పైన అంచులో, టంకం ముద్ద మిగులుతుంది. దాన్ని కడ్ అనుకునేవాళ్ళున్నారు. టంకం రంగు వేరు, అది గట్టు మీదుగా పొంగి అంచు మీదకు దిగుతుంది. యాసిడ్‌లో ముంచిన నాణెం అంతటా సమానంగా పలచబడి, అక్షరాలు సన్నగిల్లి, పైపొర గరుకుగా ఉంటుంది. "పలచటి బ్లాంకు మీద అచ్చు" అని దాన్ని అమ్ముతారు. పలచటి బ్లాంకు మీద పడ్డ అచ్చు బలహీనంగా ఉంటుంది గానీ అక్షరాల వెడల్పు తగ్గదు.

యంత్రాలు రాకముందు చేత్తో కొట్టిన మొఘల్, నిజాం రూపాయలకు ఈ కొలమానాలేవీ పనికిరావు. అక్కడ డై బ్లాంకు కంటే పెద్దది, కాబట్టి రాతలో కొంత భాగమే పడటం, పక్కకు జరగటం మామూలే. అలాంటి నాణేన్ని ఆఫ్‌సెంటర్ ఎర్రర్ అని అమ్మేవాడికి నాణేల గురించి తెలియదు, లేదా మీకు తెలియదనుకుంటున్నాడు.

అనుమానం తేలేదాకా నాణేన్ని కడగొద్దు. చింతపండు, నిమ్మకాయ, వంటసోడా, టూత్‌పేస్టు ఏదైనా సరే పైపొరను తినేస్తుంది. అసలు తప్పా కాదా చెప్పే సాక్ష్యం ఆ పొరలోనే ఉంది. మట్టి, నూనె వదిలించాల్సి వస్తే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, తర్వాత కిటికీ తెరిచి అసిటోన్‌లో ముంచి, రుద్దకుండా ఆరనివ్వండి. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ ఆల్బమ్‌లలో పెడితే కొన్నేళ్ళకు పచ్చటి జిగురు పట్టి రాగి ఉన్న నాణేల్ని కొరుకుతుంది. మైలార్ అనే పలచటి పారదర్శక ప్లాస్టిక్ కిటికీ ఉన్న అట్ట ఫ్లిప్పులు చవకే, వాటి మీద బరువు, వ్యాసం, రొటేషన్ డిగ్రీలు రాసిపెట్టుకోవచ్చు.

అమ్మదలుచుకుంటే ముందు అంచుతో సహా మూడు వైపులా ఫొటో తీసి, త్రాసు మీద పెట్టిన ఫొటో కూడా జత చేయండి. ఇవి అడగని కొనుగోలుదారుడు సీరియస్ కాడు. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి పాత నాణేలు కొంటామని ముందుగా కమీషనో, పన్నో కట్టమనేవాళ్ళతో మాట్లాడటం అక్కడే ఆపేయండి. తాము అలాంటి లావాదేవీలు చేయమని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. ఇంకో సంగతి: ఇంట్లో ప్లయరు, ఆకురాయి పట్టుకుని ఎర్రర్ కాయిన్లు తయారుచేయాలని ఎవరికైనా అనిపిస్తే, నాణేల్ని కరిగించడం, ధ్వంసం చేయడం 2011 నాణేల చట్టం ప్రకారం నేరం, శిక్ష ఏడేళ్ళ దాకా ఉంది.